బిళ్ళ కోసం అడవికి

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే జాతీయ పార్కు ఉంది. పేరుకే అడవి. ఇరవై కోట్ల ఏళ్లకు పైబడిన దుంగలు రాళ్లయిపోయి, ఎర్రగా, పసుపుపచ్చగా, ఊదారంగుగా ఎండలో మెరుస్తూ పడి ఉంటాయి. రెండేళ్ల కిందటి వేసవిలో మా అమ్మాయి కుటుంబంతో అక్కడికి వెళ్లాం. నేను కారు దిగి ఆ దుంగల వంక నోరు తెరుచుకుని చూస్తూ నిలబడితే, ఏడేళ్ల మా మనవరాలు వాటిని పట్టించుకోకుండా సందర్శకుల కేంద్రంలోకి పరుగెత్తింది. కాసేపటికి ఒక చిన్న పుస్తకం, పెన్సిలు పట్టుకుని బయటికి వచ్చింది. "తాతయ్యా, మనకు చాలా పని ఉంది" అంది.

ఆ పని మూడు గంటలు పట్టింది. ఒక రాయిని ముట్టుకుని ఎలా ఉందో రాయాలి. ఒక దుంగ బొమ్మ గీయాలి. కళ్లు మూసుకుని ఏం వినిపిస్తుందో చెప్పాలి. చివరకు వెడల్పు టోపీ పెట్టుకున్న రేంజరు ఒకావిడ పుస్తకం మొత్తం తిరగేసి, నాలుగు ప్రశ్నలు అడిగి, కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించి, చొక్కాకు పెట్టుకునే బంగారు రంగు ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి చేతిలో పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. మా ఆవిడ మాత్రం నా చెవి దగ్గర మెల్లగా అంది: "ఎండలో ఇంతసేపు తిరిగింది ఈ బిళ్ళ కోసమా?"

ప్రశ్న చిన్నదే గాని, ముప్పై ఏళ్లు బడిలో పిల్లల మధ్య గడిపిన నన్ను అది వదల్లేదు. పలకల మీద ఎన్ని చుక్కలు పెట్టానో, నోటు పుస్తకాల్లో ఎన్ని 'వెరీ గుడ్'లు రాశానో లెక్క లేదు. వాటివల్ల చదువు మీద ఇష్టం పెరిగిందా, చుక్కల మీద ఇష్టం పెరిగిందా అన్నది ఏనాడూ నిలబడి ఆలోచించలేదు. ప్రకృతి విషయంలో ఈ సందేహం ఇంకా పదునెక్కుతుంది. కొండనో ఏరునో చూడటానికి కూడా బహుమతి ఆశ పెట్టాలా? పెడితే పిల్లలు కొండను చూస్తారా, బహుమతినే చూస్తారా?

ముందు ఈ ఏర్పాటు ఏమిటో చెప్పుకుందాం. అమెరికా జాతీయ పార్కుల సంస్థ 1916లో ఏర్పడింది. దాని కింద ఇప్పుడు 430కి పైగా ప్రదేశాలు ఉన్నాయి. వాటిలో 'జాతీయ పార్కు' అన్న హోదా ఉన్నవి 63. మిగతావి యుద్ధభూములు, స్మారక స్థలాలు, నదీతీరాలు, చారిత్రక భవనాలు. వీటిలో చాలాచోట్ల 'జూనియర్ రేంజర్' కార్యక్రమం ఉంటుంది. సందర్శకుల కేంద్రంలో అడిగితే పుస్తకం ఇస్తారు. ఎక్కువచోట్ల ఉచితం, కొన్నిచోట్ల కొద్దిపాటి రుసుము. పిల్లల వయసును బట్టి ఇన్ని పనులు చెయ్యాలని ఉంటుంది. పూర్తిచేసి తెస్తే రేంజరు చూసి, ప్రమాణం చేయించి బిళ్ళ ఇస్తారు. కొన్ని పార్కుల్లో అది ప్లాస్టిక్‌ది, కొన్నింటిలో చెక్కది, కొన్నిచోట్ల చొక్కాకు కుట్టుకునే గుడ్డముక్క. ప్రమాణంలోని మాటలు పార్కును బట్టి మారుతుంటాయి గాని సారం ఒకటే: చూస్తాను, నేర్చుకుంటాను, కాపాడతాను.

మామూలుగా ఇది ఐదు నుంచి పదమూడేళ్ల పిల్లల కోసం అంటారు. పెద్దలు అడిగితే కాదనే పార్కులు తక్కువ. 2019లో గ్రాండ్ కాన్యన్‌లో 103 ఏళ్ల ముసలమ్మ ఒకరు ఈ బిళ్ళ తీసుకుని పత్రికలకెక్కారు. చీకట్లో ఆకాశం చూసేవాళ్లకు ఒకటి, గుహలకు ఒకటి, శిలాజాలకు ఒకటి, ఇలా విషయాన్ని బట్టి కూడా బిళ్ళలు ఉన్నాయి. 2017లో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు దానికీ ప్రత్యేకంగా ఒకటి తయారుచేశారు. నాకు అన్నిటికంటే నచ్చింది గ్రాండ్ కాన్యన్ అడుగున ఉన్న ఫాంటమ్ రాంచ్ బిళ్ళ. అది పైన దొరకదు. మైలు లోతున్న ఆ లోయలోకి కాలినడకన గాని కంచరగాడిద మీద గాని దిగిన పిల్లలకే ఇస్తారు. డబ్బుతో కొనలేరు, తపాలాలో తెప్పించుకోలేరు, నాన్న పలుకుబడి పనిచెయ్యదు.

మనకు బిళ్ళ అంటే గుర్తొచ్చేది బిళ్ళబంట్రోతు. దొర పంపితే వచ్చాడని జనానికి తెలియడానికి అతని పట్టీ మీద ఇత్తడి బిళ్ళ మెరుస్తుండేది. అతను ఏం చేశాడన్నది ఆ బిళ్ళకు పట్టదు, ఎవరి మనిషన్నదే దానికి కావాలి. జూనియర్ రేంజర్ బిళ్ళలో ఈ రెండూ కలిసి ఉన్నాయి. ఇంత పని చేశానని చెబుతుంది, ఇక నేను ఈ పార్కు మనిషినని కూడా చెబుతుంది. ఈ రెండో అర్థాన్ని మనం తేలిగ్గా తీసుకుంటాం. పిల్లలు తీసుకోరు.

బహుమతి పెడితే ఇష్టం చచ్చిపోతుందా అన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రంలో పెద్ద చరిత్రే ఉంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి శిశు పాఠశాలలో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడమంటే ముందునుంచే సరదా ఉన్న మూడు నుంచి ఐదేళ్ల పిల్లలను ఎంచుకున్నారు. ఒక జట్టుకు, బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండో జట్టుకు ముందు ఏమీ చెప్పకుండా గీశాక అదే పత్రం ఇచ్చారు. మూడో జట్టుకు చెప్పిందీ లేదు, ఇచ్చిందీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత తరగతిలో రంగు పెన్నులు మామూలుగా పెట్టి ఎవరు ఎంతసేపు వాటితో ఆడుకుంటారో చూశారు. బహుమతి వస్తుందని తెలిసి గీసిన పిల్లలు మిగతావారిలో దాదాపు సగం సేపే గీశారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవారిలో ఆ తగ్గుదల కనిపించలేదు.

అంటే చెడగొట్టింది బహుమతి కాదు, బహుమతి బేరం. 'ఇది చేస్తే అది ఇస్తాను' అనగానే పిల్లల మనసులో లెక్క తిరగబడుతుంది. నిన్నటిదాకా ఆట అయినది ఇవాళ పని అవుతుంది. కూలి ఆగితే పనీ ఆగుతుంది.

ఈ ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని బహుమతులన్నీ విషమే అనేవాళ్లు ఉన్నారు. నేనూ కొన్నాళ్లు ఆ మాటే అన్నాను. విషయం అంత సులువుగా తేలేది కాదు. 1994లో జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కలిపి చూసి, మొత్తం మీద బహుమతి ఇష్టాన్ని తగ్గించదని, ముందే చెప్పి, ఎలా చేసినా సరే చేసినందుకు ఇంత అని ఇచ్చే వస్తువు మాత్రమే చెరుపు చేస్తుందని తేల్చారు. దానికి జవాబుగా 1999లో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ కోస్ట్నర్, రిచర్డ్ ర్యాన్ 128 ప్రయోగాలను జల్లెడ పట్టారు. చేతికి అందే బహుమతి, ముందే ఆశ చూపిన బహుమతి ఇష్టాన్ని తగ్గిస్తుందని, పెద్దలకంటే పిల్లల్లో ఆ నష్టం ఎక్కువని చెప్పారు. ఆ వాదం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. కాని రెండు పక్షాలూ ఒకచోట కలుస్తాయి: బహుమతి పిల్లవాడికి ఏం చెబుతోందన్నదే కీలకం. 'నువ్వు నా చెప్పుచేతల్లో ఉన్నావు' అని చెబితే ఇష్టం వాడిపోతుంది. 'నీకు ఇది వచ్చింది, నువ్వు చెయ్యగలవు' అని చెబితే నిలుస్తుంది.

ఇంకో మాట తరచు మరుగున పడుతుంది. లెపర్ ఎంచుకున్నది ఇప్పటికే బొమ్మలంటే ఇష్టమున్న పిల్లలను. ఉన్న ఇష్టాన్ని తగ్గించవచ్చు గాని, లేని ఇష్టాన్ని తగ్గించేదేముంది? మా మనవరాలికి రాళ్లంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. కారులో ఐదు గంటలు కూర్చుని విసిగిపోయి ఉంది. ఆ పుస్తకమే లేకపోతే పది నిమిషాల్లో 'ఇంటికి వెళదాం' అనేది. గుడికి రానని మొరాయించే పిల్లవాడిని పులిహోర పెడతారని ఊరించి తీసుకుపోవడం మనకు కొత్తేమీ కాదు. పులిహోరవల్ల భక్తి పుడుతుందని ఏ తల్లీ అనుకోదు. గడప దాటించడానికి అదొక ఉపాయం. దాటాక లోపల ఏం జరుగుతుందన్నది పులిహోర చేతిలో లేదు.

కాబట్టి లోపల ఏం జరుగుతుందో చూడాలి. అక్కడ ఉన్నది పుస్తకం, రేంజరు.

పుస్తకాలన్నీ ఒకలా ఉండవు. అరడజను పైగా చూశాక నాకు ఒక కొలత దొరికింది. పుస్తకంలోని పనిని పార్కుకు వెళ్లకుండా ఇంట్లో సోఫాలో కూర్చుని చెయ్యగలిగితే అది చెడ్డ పని. అక్షరాల గడిలో జంతువుల పేర్లు వెతకడం, చుక్కలు కలపడం, చిట్టడవి బొమ్మలో దారి కనుక్కోవడం, ఇవన్నీ అలాంటివే. ఎదురుగా మైలు లోతు లోయ ఉంటే, దానికి వీపు పెట్టి బల్ల మీద కూర్చుని గడిలో పేర్లు వెతుకుతున్న పిల్లలను కళ్లారా చూశాను. మంచి పని పిల్లవాడిని అక్కడే, ఆ నేల మీదే, ఆ గంటలోనే ఏదో ఒకటి గమనించేలా చేస్తుంది. 'ఐదు నిమిషాలు కదలకుండా కూర్చో. విన్న చప్పుళ్లన్నీ రాయి. వాటిలో మనుషులు చేసినవెన్ని?' ఈ ఒక్క ప్రశ్న పది గడులకు సమానం.

పార్కుల్లో సందర్శకులకు ఎలా చెప్పాలన్న విద్యకు పునాది వేసిన ఫ్రీమన్ టిల్డెన్ 1957లోనే ఈ సంగతి చెప్పాడు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు చెప్పేది, పెద్దలకు చెప్పేదాన్ని నీళ్లు కలిపి పలచన చేసినట్టు ఉండకూడదని, దానికి దారే వేరుగా ఉండాలని ఆయన సూత్రం. మా బళ్లలో వాచకాలు రాసేవారికి కూడా ఈ ముక్క ఎవరైనా వినిపిస్తే బాగుండు.

ఇక రేంజరు. పుస్తకంలో ఖాళీలన్నీ నింపి ఇచ్చినా ఆ రోజు రేంజరు వెంటనే బిళ్ళ ఇవ్వలేదు. మా మనవరాలు గీసిన దుంగ బొమ్మను వేలితో చూపించి, "దీనికి ఈ రంగు ఎందుకు వేశావు?" అని అడిగింది. "అక్కడ ఉంది కాబట్టి." "ఆ రంగు దానికి ఎలా వచ్చి ఉంటుంది?" పిల్ల కాసేపు ఆలోచించి తెలియదంది. అప్పుడామె మోకాళ్ల మీద కూర్చుని, చెట్టు బురదలో కూరుకుపోవడం, నీటిలో కరిగిన ఖనిజాలు చెక్కలోకి మెల్లమెల్లగా దూరడం, ఇనుము ఉన్నచోట ఎరుపు, పసుపు రంగులు రావడం వివరించింది. మొత్తం మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో ఒక పరాయి పెద్దమనిషి, అదీ యూనిఫాం వేసుకున్న మనిషి, ఏడేళ్ల పిల్ల చూసినదాన్ని పట్టించుకుని అడిగింది. బిళ్ళ నాకు అప్పుడు అర్థమైంది. పిల్లను రాళ్ల దగ్గరికి తీసుకుపోవడం దాని పనిలో సగమే. చూసి వచ్చిన పిల్లను ఈ మనిషి ముందు నిలబెట్టడం మిగతా సగం. ఆ సంభాషణ లేకుండా బల్ల మీది డబ్బాలోంచి బిళ్ళ తీసి ఇచ్చేస్తే, అది లెపర్ ప్రయోగంలోని ప్రశంసాపత్రంతో సమానం.

పరిశోధన కూడా ఈ వైపే చూపిస్తుంది. పర్యావరణం కోసం పనిచేసే పెద్దలను 'మీకు ఈ దారి ఎలా పట్టుబడింది?' అని లూయీస్ చావ్లా అనే పరిశోధకురాలు అమెరికాలోని కెంటకీలోను, నార్వేలోను అడిగారు. ఎక్కువమంది చెప్పినవి రెండు. చిన్నప్పుడు ఏదో ఒక చెరువు, తోట, కొండ దగ్గర తరచు గడపడం ఒకటి. ఆ చోటును ప్రేమగా చూపించిన తల్లో తండ్రో తాతో గురువో ఉండటం రెండోది. 2006లో నాన్సీ వెల్స్, క్రిస్టీ లెకీస్ సుమారు రెండు వేల మంది అమెరికన్ల సమాధానాలు విశ్లేషించారు. పదకొండేళ్ల లోపు అడవుల్లో నడవడం, గుడారాల్లో ఉండటం, చేపలు పట్టడం వంటివి చేసినవారిలో పెద్దయ్యాక ప్రకృతి పట్ల శ్రద్ధ ఎక్కువగా కనిపించింది. పూలు కోయడం, విత్తులు నాటడం వంటి పెరటి పనుల ప్రభావం అంతకంటే తక్కువ. ఇవన్నీ పెద్దలు గతాన్ని గుర్తుచేసుకుని చెప్పినవే కాబట్టి కొంత తగ్గించి తీసుకోవాలి. ప్రకృతి మీద ఇష్టమున్నవాడికి చిన్ననాటి చెరువు ఎక్కువ గుర్తుండటం సహజం. అయినా తిరిగే స్వేచ్ఛ, తోడుగా ఒక పెద్ద దిక్కు అన్న రెండూ మళ్లీమళ్లీ వస్తూనే ఉంటాయి.

ఇదంతా చదువుతుంటే మా ఊళ్లో వినాయక చవితి ముందు రోజు గుర్తొచ్చింది. ఇరవై ఒక్క రకాల పత్రి తేవాలి. పెద్దవాళ్లు పేర్లు చెప్పి మమ్మల్ని పొలాల మీదికి తోలేవారు. మారేడు ఎక్కడుందో అందరికీ తెలుసు. గరికకు వెతుకులాటే లేదు. ఉత్తరేణి లాగుకు అంటుకుని తానే ఇంటిదాకా వచ్చేది. జిల్లేడు పాలు కంట్లో పడకూడదని, ఉమ్మెత్త కాయ నోట్లో పెట్టకూడదని అప్పుడే నేర్చుకున్నాం. వాకుడు ముళ్లు, రేగు ముళ్లు రెండూ గుచ్చుకున్నాకే తేడా తెలిసింది. ఇరవై ఒకటిలో పన్నెండో పదమూడో తెచ్చేవాళ్లం. మా తాత ఒక్కొక్క ఆకూ చేతిలోకి తీసుకుని వాసన చూసి, "ఇది వావిలి కాదురా, ఎక్కడ కోశావు?" అని అడిగేవాడు. బహుమతి ఉండ్రాళ్లు. అవి పత్రి తేకపోయినా పెట్టేవారు, అది వేరే సంగతి. తెలంగాణ పల్లెల్లో బతుకమ్మకు తంగేడు, గునుగు తేవడానికి పిల్లలు గట్ల వెంట పడేదీ ఇలాంటి చదువే.

ఇప్పుడు పత్రి బజారులో కట్టలుగా దొరుకుతుంది. ఇరవై ఒకటీ ఉన్నాయో లేదో ఎవరూ లెక్కపెట్టరు. పూజకు లోటు లేదు, పిల్లలకే లోటు. జూనియర్ రేంజర్ పుస్తకాన్ని హోటలు గదిలో కూర్చుని, ఫోనులో జవాబులు వెతికి, అమ్మానాన్నల చేత నింపించుకుని బిళ్ళ తెచ్చుకోవడం కూడా బజారు పత్రి లాంటిదే. అలా తెచ్చుకునేవాళ్లు ఉన్నారు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అమెరికాలో మన పిల్లల గదుల్లో ఒక అలమర ఉంటుంది. స్పెల్లింగ్ పోటీ కప్పు, చదరంగం పతకం, కూచిపూడి ప్రశంసాపత్రం. దాంట్లో ఇంకో వరుసగా ఈ బిళ్ళలు చేరాయంటే పిల్ల చేతిలోంచి వ్యవహారం మన చేతిలోకి వచ్చిందన్నమాట. ఒక ఇంట్లో ఐదో తరగతి పిల్లవాడు నాకు ముప్పై నాలుగు బిళ్ళలు చూపించాడు. ఏ పార్కు బాగుందని అడిగితే చాలాసేపు ఆలోచించి, ఏ బిళ్ళ బరువుగా ఉందో చెప్పాడు. వాణ్ణి తప్పుపట్టలేం. వాడికి ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

సేకరణ పిచ్చి పిల్లలకే పరిమితం కాదు లెండి. 1986 నుంచి ఇదే పార్కుల్లో 'పాస్‌పోర్టు' పుస్తకం ఒకటి అమ్ముతున్నారు. వెళ్లిన ప్రతిచోటా పార్కు పేరు, తేదీ ఉన్న ముద్ర వేసుకోవచ్చు. ఆ ముద్ర కోసం వంద మైళ్లు పక్కకు తిరిగి, కారు ఇంజను ఆపకుండా లోపలికి పరుగెత్తి ముద్ర కొట్టుకుని వచ్చే పెద్దమనుషులను చూశాను. మన క్షేత్రయాత్రల్లో ఒక్క రోజులో తొమ్మిది గుళ్లు తిప్పే బస్సులు లేవూ?

బిళ్ళ ఉచితమే, దాని దగ్గరికి వెళ్లే దారి ఉచితం కాదు. ఈ కోణం కార్యక్రమాన్ని పొగిడే రాతల్లో సాధారణంగా రాదు. 2015లో ఒబామా ప్రభుత్వం నాలుగో తరగతి పిల్లలకు ఏడాదిపాటు పార్కుల ప్రవేశం ఉచితం చేసింది. 2019లో అది చట్టమైంది. నిజానికి పదహారేళ్ల లోపు పిల్లలకు జాతీయ పార్కుల్లో అంతకుముందు నుంచే ప్రవేశ రుసుము లేదు. కొత్తగా దొరికింది పిల్లతోపాటు కారులో వచ్చే పెద్దలకు. చూడటానికి వింతగా ఉన్నా లెక్క సరైనదే, ఎందుకంటే పదేళ్ల పిల్ల ఒక్కతే కారు నడుపుకుంటూ రాదు. నాలుగో తరగతే ఎందుకంటే, చెప్పింది అర్థమై, పెద్దల మీద ఇంకా చిరాకు రాని వయసు అది. ఏటా ఒక తరగతికి ఇస్తూ పోతే కొన్నేళ్లకు పిల్లలందరికీ ఒకసారి అందినట్టవుతుంది. అయినా పెట్రోలు, హోటలు, సెలవు పెట్టగలిగే ఉద్యోగం, ఇవేవీ ఆ పాసులో రావు.

మనలాంటి తాతలు, అమ్మమ్మల మీద ఈ మధ్య కొత్త భారం కూడా పడింది. 2026 జనవరి 1 నుంచి గ్రాండ్ కాన్యన్, ఎల్లోస్టోన్, యోసెమిటీ వంటి 11 పేరున్న పార్కుల్లో, అమెరికా నివాసులు కాని 16 ఏళ్లు, ఆ పైబడినవారు మామూలు రుసుముకు అదనంగా తలా 100 డాలర్లు కట్టాలి. లేదంటే 250 డాలర్లకు ఏడాది పాసు కొనుక్కోవాలి. అంతకుముందు ఏడాది, 2025 ఫిబ్రవరిలో, పార్కుల సంస్థలో కొత్తగా చేరిన ఉద్యోగులను సుమారు వెయ్యి మందిని తొలగించారు. తర్వాత కోర్టులు అడ్డుపడి చాలామందిని వెనక్కి పిలిపించాయి గాని, ఆ వార్త చదివినప్పుడు నాకు మోకాళ్ల మీద కూర్చున్న రేంజరే గుర్తొచ్చింది. పుస్తకాలు ఎన్నయినా అచ్చువెయ్యవచ్చు. దాన్ని తిరగేసి 'ఈ రంగు ఎందుకు వేశావు?' అని అడిగే తీరిక ఉన్న మనిషి లేకపోతే అది పలకమీద చుక్కే.

మన దగ్గర సంగతి కొంచెం వేరు. అమ్రాబాద్‌లోని ఫరహాబాద్ వైపో, కవ్వాల్‌కో వెళితే జీపు ఎక్కిస్తారు, తిప్పుతారు, దించుతారు. అందరి కళ్లూ పులి కోసమే. పులి కనపడకపోతే పిల్లలు 'ఏమీ చూడలేదు' అంటూ తిరిగివస్తారు. చెదపుట్టలు, వెదురు పొదలు, ఎలుగుబంటి గోళ్లు గీరిన చెట్టు, నల్లమల రాళ్లు, ఇవేవీ 'ఏమీ'లోకి రావు. ఐదు రూపాయల కాగితం మీద పది ప్రశ్నలు అచ్చువేసి, తిరిగి వచ్చాక అటవీ సిబ్బంది ఒకరు అవి చదివితే పులి మీద ఒత్తిడి కాస్త తగ్గుతుంది. బిళ్ళ లేకుండా నడిచే దారులూ ఉన్నాయి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా పెరటి పక్షులను లెక్కపెట్టే కార్యక్రమంలో 2013 నుంచి మన దేశమూ పాల్గొంటోంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనపడిన పక్షులను నమోదు చెయ్యడమే పని. బహుమతి లేదు. తన లెక్క నిజమైన లెక్కలో కలిసిందన్న మాటే ఉంది. కాస్త పెద్ద పిల్లలకు బిళ్ళకంటే అది బాగా పట్టడం చూశాను.

అమెరికాలో ఉన్న మన తల్లిదండ్రులు అడిగితే నేను చెప్పేది కొంచెమే. ఎల్లోస్టోన్‌తో మొదలుపెట్టకండి. అట్లాంటాలో ఉంటే చట్టహూచీ నది పక్కనే ఉంది. ఊళ్లోనే ఉన్న మార్టిన్ లూథర్ కింగ్ స్మారక స్థలం ముందు గాంధీ విగ్రహం కూడా ఉంది. చికాగో వాళ్లకు ఇండియానా డ్యూన్స్, సియాటిల్ వాళ్లకు మౌంట్ రైనియర్ దగ్గర. ఒకే చోటికి నాలుగు కాలాల్లో నాలుగుసార్లు వెళ్లండి. మొదటిసారే బిళ్ళ వచ్చేస్తుంది, మిగతా మూడుసార్లూ దాని ఊసు ఉండదు. పుస్తకం పిల్లనే నింపనివ్వండి, తప్పులు అలాగే ఉండనివ్వండి. తప్పులుంటేనే రేంజరుకు అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. దారిలో పుస్తకంలో లేనిది ఏదైనా కనిపించి పిల్ల ఆగిపోతే పుస్తకాన్ని మూసెయ్యండి. బిళ్ళ రాకుండా పార్కు మూసే వేళ అయిందా? కానివ్వండి. చాలా పార్కులు నింపిన పుస్తకాన్ని తపాలాలో పంపినా తీసుకుని బిళ్ళ పంపిస్తాయి.

పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో ఇంకో సంగతి జరిగింది. బయటికి వచ్చే ముందు సందర్శకుల కేంద్రంలో కొన్ని ఉత్తరాలు చూశాం. ఎప్పుడో ఆ పార్కులోంచి రాతిముక్క దొంగతనంగా పట్టుకుపోయి, తర్వాత మనసు ఒప్పక తిరిగి పంపినవాళ్లు రాసినవి. అలా వచ్చిన రాళ్లను మళ్లీ పార్కులో వెయ్యరు. అసలు ఎక్కడివో తెలియదు కాబట్టి, మిగతా నేలతో కలిసిపోకుండా విడిగా ఒకచోట కుప్ప పోస్తారు. మా మనవరాలు ఆ ఉత్తరాలను కూడబలుక్కుని చదివి, జేబులో చెయ్యి పెట్టి ఎర్రటి చిన్న రాయి ఒకటి తీసింది. నిజానికి అది పెట్రోలు బంకు దగ్గర ఏరుకున్న మామూలు గులకరాయి. అయినా రేంజరుకు చూపించి ఖాయం చేసుకునేదాకా కారు ఎక్కలేదు. ఇది పుస్తకంలో లేదు, దీనికి బిళ్ళా లేదు.

ఈ వేసవికి మళ్లీ డాలస్ వెళుతున్నాం. మా ఇద్దరికీ కలిపి అదనంగా రెండు వందల డాలర్లు కట్టి గ్రాండ్ కాన్యన్ చూడనక్కర్లేదని మా ఆవిడ తేల్చేసింది. అల్లుడు లెక్కలు వేసి, గంటన్నర దూరంలో ఉన్న వేకో మామత్ స్మారక స్థలం అన్నాడు. మంచుయుగం నాటి ఏనుగుల ఎముకలు, తవ్విన చోటనే చూడవచ్చు. మొన్న ఫోనులో మనవరాలు పెన్సిళ్లు తెమ్మంది. అమెరికాలో పెన్సిళ్లు దొరకవా అని అడిగాను.

"మూడు కావాలి తాతయ్యా. అమ్మమ్మకు కూడా పుస్తకం ఇస్తారట, అడిగాను."

వెనకనుంచి మా ఆవిడ అంటోంది: "ఆ బిళ్ళకు పిన్ను ఉంటుందా, చీర చిరుగుతుందేమో కనుక్కోండి."